హుడిమా గజం

ఆ సాయంత్రం ఒరెస్ట్ హుడిమా విందులోంచి కోపంతో వెళ్ళిపోయాడా, గుండె తేలికై వెళ్ళిపోయాడా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. అడిగితే "కడుపు నిండింది, వచ్చేశా" అనేవాడు. నలభై ఏళ్ళు అతనితో కాపురం చేసిన వెర్నాకే అంతకుమించి తెలియనప్పుడు ఇంకెవరికి తెలుస్తుంది?

కెనడాలోని మా పల్లె డన్‌మియర్‌లో ఒక మనిషి సెలవు తీసుకోవాలంటే ముప్పావు గంట పడుతుంది. "సరే మరి" అంటూ తొడలు చరుచుకుని లేవడం మొదటి అంకం. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ గోధుమ పంట గురించి గొణుక్కోవడం రెండోది. బండి ఎక్కి, అద్దం దించి, ఎవరి మోకాలి ఆపరేషన్ ఎలా జరిగిందో ఆరా తీయడం మూడోది. అలాంటి ఊళ్ళో చెప్పకుండా లేచిపోవడమంటే పళ్ళెం విసిరికొట్టినంత పని.

ఒరెస్ట్ పుట్టడమే బరువుగా పుట్టాడు. పద్నాలుగో ఏట, బురదలో దిగబడ్డ ధాన్యం లారీని వెనకనుంచి నెట్టి రోడ్డెక్కించాడు. అది చూసిన బడి కోచ్ "ఫుట్‌బాల్ ఆడతావా?" అని అడగలేదు, "రేపు నాలుగింటికి రా" అన్నాడంతే. తర్వాత పట్నం జట్టులో తొమ్మిది సీజన్లు, రక్షణ వరుసలో, సరిగ్గా నడిమధ్యన. బంతి కదలగానే ఎదుటివాణ్ణి గుద్దాలి, లేచి మళ్ళీ గుద్దాలి, అదీ ఉద్యోగం. తొమ్మిదేళ్ళలో అతను బంతిని ముట్టుకున్నది ఒక్కసారే, అదీ పోయి దానిమీద పడ్డాడు కనక. ఆ పడటంలో విరిగిన చిటికెనవేలు మళ్ళీ తక్కిన వేళ్ళతో కలవలేదు. కాఫీ కప్పు ఎత్తినప్పుడల్లా దొరసాని వేలులా విడిగా నిలబడేది.

ఆట మానేశాక పాతికేళ్ళు బడి బస్సు నడిపాడు. మంచు తుపానుల్లో కూడా ఒక్క బిడ్డను ఆలస్యంగా ఇంటికి చేర్చలేదు. దాని సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. అందరికీ కావలసింది ఆ ఒక్క గజం కథ.

కెనడా ఫుట్‌బాల్‌లో, అంటే బంతిని చేత పట్టుకుని తోసుకుంటూ పోయే ఆటలో, పది గజాలు ముందుకు జరగడానికి మూడే ప్రయత్నాలు. బంతి కదిలేదాకా రక్షించేవాళ్ళు దానికి గజం దూరంలో నిలబడి తీరాలి. అందుచేత మూడో ప్రయత్నానికి గజమే మిగిలితే, బంతి పట్టుకున్నవాడు ముందుకు బోర్లా పడ్డా చాలు, పని అయిపోతుంది. ఒరెస్ట్ ఆఖరి సీజన్లో, సెమీఫైనల్ ఆఖరి నిమిషంలో, మంచు కురుస్తుండగా అవతలివాళ్ళకు సరిగ్గా గజమే మిగిలింది. ఒరెస్ట్ ఆపేశాడు. డన్‌మియర్ ఆ రాత్రి చర్చి గంట కొట్టింది.

నిజానికి అతను నిలబడింది అరగజం దూరంలో. మంచు గీతల్ని కప్పేసింది, రిఫరీ చూడలేదు. ప్రతి అక్టోబరులోనూ, తొలి మంచు పడగానే, అది అతని నోటిదాకా వచ్చేది.

"వెర్నా, నేనా రోజు గజం దూరంలో లేను."

"సరేలే, ఆ బంగాళాదుంపల తొక్కు తియ్యి."

ఒరెస్ట్‌కు డెబ్బై నిండిన ఏడు, ఊరు బడి మైదానంలో ఆ గజం దూరాన్ని గీసి 'హుడిమా గజం' అని పేరు పెట్టాలని తీర్మానించింది. నాలుగింటికి మైదానంలో ఫొటో, అయిదింటికి పక్క హాల్లో పంటకోతల విందు. ఆ విందుకు ఇరవై రెండేళ్ళుగా పెద్ద దిక్కు వెర్నా. వంటింట్లో అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు నాలుగు వందలు ఉడుకుతుండగా, 'పై' అనే గుమ్మడి తీపి రొట్టెలు కాలుతుండగా, అతని చొక్కాకు బొత్తాలు పెడుతూ చెప్పింది:

"ఇదిగో చూడు, ఆఖర్న 'పై' వడ్డించేదాకా నోరు మూసుకో. ఈ ఒక్క పూట. ఈ మొహాల మధ్యే నేను బతకాలయ్యా."

"ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేనే. దానికి పేరు పెట్టేస్తున్నారు."

"పెట్టనీ. పేరేమన్నా కరుస్తుందా?"

మైదానంలో గార్నెట్ స్ప్రౌల్ టేపు పట్టుకుని తయారుగా ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ధాన్యం గోదాములో తూకం వేసిన మనిషి, గింజ తేడా రానివ్వడు. బంతి చోట తెల్ల చుక్క, దానికి సరిగ్గా గజం దూరంలో పసుపుపచ్చ గీత గీశాడు. ఒరెస్ట్ ఆనాటి ఆటలో లాగే వంగి, అరచెయ్యి నేలకు ఆనించి నిలబడ్డాడు.

"ఒరేయ్ ఒరెస్ట్, వెనక్కి! గీత దాటేశావు."

వెనక్కి జరిగాడు. ఫొటో తీసేలోగా చెయ్యి మళ్ళీ అరగజం ముందుకొచ్చి కూర్చుంది.

"గాడిదా, గీత కనబడట్లేదా? కళ్ళజోడు తెమ్మంటావా?"

మూడోసారి గార్నెట్ తన బూటు అడ్డం పెట్టాల్సి వచ్చింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనిది వెర్నా ఒక్కతే. ముప్పై ఆరేళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి తన చోటు మరిచిపోలేదని ఆమెకు అర్థమైంది.

హాల్లో గార్నెట్ గంటెతో గ్లాసు మోగించి, ఒరెస్ట్‌ను రెండు ముక్కలు మాట్లాడమన్నాడు. ఒరెస్ట్ లేచాడు. కుర్చీ అతనితో పాటే కాస్త లేచింది.

"నేను గజం దూరంలో లేను. అరగజమే. మోసం చేశాను. ఆ గీత తప్పు."

గార్నెట్ బల్ల చరిచాడు.

"విన్నారా వినయం! ఇదీ మనవాడంటే!"

హాలంతా చప్పట్లు.

"రిఫరీ ఈల వేశాడా? వెయ్యలేదు. వెయ్యనప్పుడు తప్పెక్కడిదిరా?" అన్నారెవరో.

"నిజమే చెప్తున్నానర్రా!" అన్నాడు ఒరెస్ట్. నవ్వులు ఇంకా పెరిగాయి.

"కూర్చో నాయనా, గ్రేవీ చల్లారిపోతోంది," అంది తొంభై ఏళ్ళ పెర్ల్ అవ్వ.

అతను నలుగురి తలల మీదుగా వెర్నా వైపు చూశాడు. నిజం తెలిసిన రెండో మనిషి ఆమే. ఒక్క మాట అంటే చాలు, ఆమె మాట మీద ఆ హాల్లో ఎవరూ నవ్వరు. వెర్నా నోరు తెరిచింది.

"'పై' వడ్డించండర్రా," అంది.

ఒరెస్ట్ తల ఊపాడు. తన పళ్ళెం తనే తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. గుమ్మడి 'పై' రెండు ముక్కలు ముందే కొట్టేయడానికి వెళ్ళాడనుకుంది వెర్నా. కత్తి కడగడానికి వెళ్ళేసరికి పళ్ళెం కడిగి బోర్లించి ఉంది, వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

కిటికీలోంచి చూసింది. ఇంకా వెలుగుంది. మైదానంలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, పక్కన గార్నెట్ రంగు డబ్బా. టేపు లేదు, కొలత లేదు. పాత గీతకు ముందు, తెల్ల చుక్కకు దగ్గరగా అరచెయ్యి నేలకు ఆనించి, దాని ముందు ఇంకో పసుపుపచ్చ గీత గీశాడు. నాలుగు విడతలుగా పైకి లేచి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

వెర్నా కిటికీ అద్దం మీద కొట్టింది. అతనికి వినబడిందో లేదో.

హాల్లో ఇంకా ఒక్కరు కూడా తొడ చరుచుకోలేదు. బయట ఒరెస్ట్ ట్రక్కు కదిలి, అద్దం దించకుండానే రోడ్డెక్కేసింది.