ఎక్కడ పోయిందో చెప్పు

పోయిన మంగళవారం మార్కాపురం నుంచి నేను చదువు చెప్పే బడికి పలకలు వచ్చాయి. పెట్టె దించిన ముసలాయన తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ, "మీ పెద్ద పంతులమ్మ పోయింది తల్లీ. ఆదివారం చర్చికి పోయివచ్చి పడుకునింది, మళ్ళా లేవలేదు" అన్నాడు. దొనకొండ స్టేషనులో ఏదో బండి కూత వేసింది. పిల్లలను ఎక్కాలు చదువుకోమని చెప్పి నేను వసారాలో కూలబడ్డాను. వాళ్ళు పన్నెండో ఎక్కం తప్పు చదువుతున్నా దిద్దలేదు.

మార్కాపురం మిషను బడిలో ఆమె నాకు చదువు చెప్పింది. చిన్న పంతులమ్మ కంటే జానెడు పొట్టి. అయినా పెద్ద పంతులమ్మ ఆమే. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. హాస్టలులో ఉన్న ఆడపిల్లలమే ఆమె సంసారం. ఆమెను తలుచుకుంటే నల్లబోర్డు గుర్తురాదు నాకు. మధ్యాహ్నపు వసారా గుర్తొస్తుంది. పలకలు కోసే షెడ్ల నుంచి గాలికి వచ్చే బూడిదరంగు దుమ్ము, ఆ దుమ్ములో ఉండీ లేనట్టుండే నల్లమల కొండలు, టక్కుమని రాతిబిళ్ళ తిరగబడే చప్పుడు. ఆ చప్పుడు వింటూ ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో చెప్పలేను, అన్నీ కలిసి ఒకటే పొడవాటి మధ్యాహ్నం అయిపోయాయి.

ఆ బిళ్ళల ఆట ఏ దేశానిదో మాకు తెలియదు. సెలవు మీద తన దేశం పోయి తిరిగి రాని ఒక దొరసాని నేర్పిందట. దొరసాని ఇచ్చిపోయిన అట్టబిళ్ళలను చెదలు తినేశాయి. పంతులమ్మ షెడ్డులో విరిగిన పలక ముక్కలు అడిగి తెచ్చి, గుండ్రంగా అరగదీయించి, ఒక వైపు సున్నం పూసింది. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. మేము వాటిని తిప్పుడు బిళ్ళలు అనేవాళ్ళం. నిలువుకు ఎనిమిది, అడ్డానికి ఎనిమిది గళ్ళు. ఎదుటివాళ్ళ బిళ్ళలు నీ బిళ్ళల మధ్య వరసగా చిక్కితే వాటిని తిప్పి నీ రంగు చేసుకుంటావు. ఒక్కటైనా తిరగని చోట బిళ్ళ పెట్టకూడదు. గళ్ళన్నీ నిండేసరికి ఎవరి రంగు ఎక్కువుంటే వాళ్ళది గెలుపు.

నాది పుట్టుకతోనే ఆత్రం. ఒకేసారి ఐదారు తిప్పే చోటు కనబడితే చాలు, చెయ్యి ఆగేది కాదు. గళ్ళన్నీ నావే అని నేను మురుస్తుంటే ఆమె కొండల వైపు చూస్తూ ఒకటో రెండో తిప్పుకునేది. కాసేపటికి నాకు బిళ్ళ పెట్టే చోటే ఉండేది కాదు. "అన్నీ నీవే అయినాక ఇంక తిప్పేదానికి ఏముంటాది?" అనేది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత ఆమె నోట నేను విన్నన్నిసార్లు ఎవరూ విని ఉండరు.

మూలలంటే ఆమెకు ప్రాణం. మూలలో పెట్టిన బిళ్ళకు అవతల గడి లేదు కాబట్టి దాన్ని ఎవరూ చిక్కించుకోలేరు, ఆట చివరిదాకా అది నీదే. మూలను ఆనుకుని ఐమూలగా ఉండే గడికి ఆమె తలుపు గడి అని పేరు పెట్టింది. అందులో కాలు పెట్టావో, మూలకు తలుపు నువ్వే తీసి ఎదుటివాళ్ళను లోపలికి పిలిచినట్టు. పిల్లలం కదా అని ఆమె ఎప్పుడూ కావాలని ఓడిపోలేదు, అందుకు నాకు మహా కోపం వచ్చేది. ఆట అయ్యాక మాత్రం ఎవరినీ లేవనిచ్చేది కాదు. "ఎక్కడ పోయిందో చెప్పు" అనేది. ఓడిన పిల్ల బిళ్ళలు వెనక్కి పెట్టి, తప్పిన ఎత్తు చూపించాల్సిందే.

నేను ఐదో క్లాసు ముగించిన వేసవిలో మా నాయన పెద్దారవీడు నుంచి నడిచి వచ్చాడు. ఇంట్లో తమ్ముడు పుట్టాడు, అమ్మ కూలికి పోవాలి, బిడ్డను చూసుకోను నేను కావాలి. చదివింది చాల్లే అని నా ట్రంకుపెట్టె వసారాలోకి తెచ్చి పెట్టుకున్నాడు. పంతులమ్మ వాదించలేదు. ఎండ తగ్గేదాకా కూర్చోమని మజ్జిగ ఇచ్చింది. గళ్ళపలక మా ఇద్దరి మధ్య పెట్టి, ఒక ఆట ఆడుకోమని లోపలికి వెళ్ళింది.

మా నాయన మేకల దగ్గర పులిమేక ఆడి ఆరితేరినవాడు. రెండు మాటల్లో ఆట నేర్పాను. పులిమేకలో చచ్చిన మేకను తీసినట్టు పట్టిన బిళ్ళను బయట పెట్టబోతే ఆమె గుమ్మంలోంచే వద్దంది. "ఏందక్కా, ఈ ఆటలో చచ్చేది లేదా?" అన్నాడు నాయన. "లేదు తమ్ముడా, తిరిగేదే" అంది.

పందెం ఎవరూ కట్టలేదు. అయినా గెలిస్తే బడి, ఓడితే ఇల్లు అని నాకు నేనే అనుకున్నాను. చాలాసేపు బాగానే ఆడాను. ఆ తర్వాత ట్రంకుపెట్టె వైపు చూశాను. ఐదు బిళ్ళలు ఒక్కసారి తిరుగుతాయని ఆశపడి తలుపు గడిలో కాలు పెట్టాను. నాయన, ఏ యుక్తీ తెలియకుండానే, ఖాళీగా ఉంది కదా అని మూలలో పెట్టాడు. ఆ తర్వాత నావన్నీ వరసగా తెల్లబడిపోయాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నాయన లేచి పెట్టె మీద చెయ్యి వేశాడు.

పంతులమ్మ బయటికి వచ్చి, రోజూ అడిగే మాటే అడిగింది. ఆ క్షణాన ఆమె మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు. ముక్కు చీదుకుంటూనే చివరి పది ఎత్తులు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాను. ఇదిగో ఇక్కడ ఆశపడ్డాను, ఇది పెట్టకుండా పక్కన ఒక్కటే తిప్పుకుని ఉంటే నాయనకు మూల దొరికేది కాదు అని చూపించాను.

నాయన గొంతుక్కూర్చుని ఆ గడి వైపు చాలాసేపు చూశాడు.

"గెలిచినోన్ని, ఎట్ల గెలిచినానో నాకు తెలీదు. ఓడిన బిడ్డ ఎక్కడ ఓడిందో చెప్తాంది" అన్నాడు. పెట్టెను గోడవారకు జరిపి, "ఉండనీలే అక్కా. వాళ్ళమ్మకు నేను చెప్పుకుంటా" అన్నాడు.

అంతా ముందే ఊహించే ఆట పెట్టావా అని పెద్దయ్యాక ఆమెను అడిగాను. ఎండపొద్దు, మనిషి కాస్త కూర్చుంటాడని పెట్టానంది. నేను నమ్మలేదు. ఆమె నవ్వింది కూడా. ఇక ఎవరిని అడగను? ఆమె లేదంటే నాకు ఏడుపు ఆగడం లేదు.

నాయన వచ్చిన ఆ సాయంత్రం ఇద్దరం గేటు దాకా వెళ్ళి నిలబడ్డాం. నాయన ఉత్త చేతులతో పెద్దారవీడు దారి పట్టాడు. "చూడు, మీ నాయన ఇంకా ఆడతానే ఉండాడు" అంది పంతులమ్మ, నా భుజం మీద చెయ్యి వేసి. దుమ్ములో దూరమవుతూ ఆయన తన కుడిచేతిని పక్కకు చాచి తిప్పి చూసుకుంటున్నాడు. ఎండకు కమిలిన నల్లటి చెయ్యి, మళ్ళీ తెల్లటి అరచెయ్యి, మళ్ళీ నలుపు. కొండల నీడ దారి మీద పడేదాకా అది తిరుగుతూనే ఉంది.