రూనిల్ద ఇంట్లో తలల లెక్క

మా తబ్రాక రేవులో మంచి జల్లెడ కావాలంటే రూనిల్ద దగ్గరికే వెళ్లాలి. గుర్రపు తోక వెంట్రుకలతో అల్లేది. ఆ జల్లెడ పట్టిన బార్లీపిండిలో పొట్టు కనబడితే నన్నడగండి. ఉత్తరాన్నించి వలసొచ్చిన వాండాలుల జాతి ఆడది, పైగా కోపిష్ఠిది. ఎవరైనా బేరమాడితే జల్లెడ లాక్కుని లోపలికి పోయేది. నేనూ ఏం తక్కువదాన్ని కాను. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మావి. ఆమె మేక నా అంజూరపు కొమ్మలు మేసినందుకు రెండేళ్లు మా మధ్య మాటల్లేవు. తర్వాత ఆ మేక చచ్చింది, మేం కలిసిపోయాం.

ఆమెకు మొగుడు పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరనే అనుకునేవాళ్లం. అయినా మధ్యాహ్నం రెండు గిన్నెల్లో జావ పోసేది.

"రెండోది ఎవరికక్కా? ముసలాణ్ణెవరినైనా లోపల దాచావా?" అని ఒకసారి ఆటపట్టించాను.

"నీ మొగుడికే. నీ వంట తినలేక ఇటొస్తున్నాడు," అంది. మొహంలో నవ్వు మాత్రం లేదు.

ఆ రోజే ఆమె గడప చూశాను. ఎండకు బండలు కాలిపోతున్నాయి. గడప మీద తడి పాదాల గుర్తులున్నాయి. లోపలికి వెళ్లినవే ఉన్నాయి, బయటికి వచ్చినవి లేవు. రూనిల్దవి వెడల్పు పాదాలు, ఇవి సన్నం. గబగబా ఇంటికొచ్చి గడియ పెట్టుకున్నాను. వారం రోజులు అటు తొంగిచూడలేదు.

ఈ చలికాలం దగ్గు పట్టుకుని మంచాన పడ్డాక ఆమే చెప్పింది. వాళ్ల జనం బండ్లు కట్టుకుని, గడ్డకట్టిన నది దాటి, గాల్ దేశం మీదుగా స్పెయిన్ దాకా వచ్చారట. దారి పొడుగునా సమాధులే. బండి కదిలేటప్పుడు, పోయినవాళ్లను వెంట రమ్మని పేరుపెట్టి పిలిచేవాళ్లు. కానీ పోయినవాళ్లు సముద్రం దాటలేరని వాళ్ల నమ్మకం. సముద్రం దాటి ఇటు రావడానికి పడవలెక్కే ముందు వాళ్ల గైసెరిక్ రాజు ఒడ్డున అందర్నీ లెక్కపెట్టించాడు. ముసలీ ముతకా, చంటిపిల్లలు, బానిసలు, ఎవర్నీ వదల్లేదు. ఆ తెల్లవారుజామునే రూనిల్ద కూతురు, మూడేళ్ల మిల్ద, జ్వరంతో పోయింది.

"గోతిలో పెట్టి పడవెక్కమంటావా?" అంది నాతో. "మా అమ్మను నది దగ్గర వదిలాం, అన్నను కొండల్లో వదిలాం. వాళ్లైనా బండి వెనక నడిచొచ్చారు. నీళ్ల మీద దీన్నెవరు తెస్తారు? శాలువాలో చుట్టి, నిద్రపోతోందని చెప్పా. లెక్కాయన కర్రతో దాని తల తాకి, 'ఉంది' అన్నాడు."

"మరి ఈ ఒడ్డున దిగాక?"

"ఒడ్డున ఇసుకలో పెట్టా. మూడో రోజు మధ్యాహ్నం మా గుడారానికొచ్చింది, అప్పట్నుంచీ నాతోనే ఉంది. ఉన్నవాళ్లలో లెక్కేశారు గదా, ఇంకెక్కడికి పోతుంది? పెరిగింది కూడానే. మొదట్లో దాని పాదం నా అరచేతిలో పట్టేది. ఇప్పుడు నా అంతుంది. నేను పోతే దానికి జావ ఎవరు పోస్తారు? గుమ్మం గుమ్మం తిరుగుతుంది పిచ్చిది. ఆ లెక్క కొట్టేయించాలి. అప్పుడైనా హాయిగా పడుకుంటుంది."

చర్చి గురువును పిలుద్దామా అన్నాను. "మీ శాఖ గురువు మా శాఖవాళ్ల గడప తొక్కడు, మా గురువు ఇది నమ్మడు," అంది.

లెక్కపెట్టిన గుందరిత్ ఇంకా బతికే ఉన్నాడు. ఊరి చివర కొడుకు దగ్గర ఉంటున్నాడు, కళ్లు పూర్తిగా పోయాయి. మర్నాడు మధ్యాహ్నం నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. "ముప్పై ఏళ్ల కిందటి లెక్క ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?" అని దారంతా సణిగాడు.

ఇంట్లోకి వచ్చాక కర్ర చాచి నా భుజం తాకాడు. "ఒకటి." మంచం వైపు తిప్పి రూనిల్దను తాకాడు. "రెండు." తర్వాత గుమ్మం వైపు చాచాడు. ఎవరో పట్టుకున్నట్టు కర్ర గాల్లో ఆగిపోయింది. గుమ్మంలో ఎవరూ లేరు. గడప మాత్రం తడిగా ఉంది. ముసలాయన రెండో చెయ్యి మెల్లగా మనిషి తల ఎత్తుకు లేపాడు. వేళ్లతో దేన్నో తడిమాడు.

"రూనిల్దా, ఈ అమ్మాయి జుట్టు తడిగా ఉందమ్మా," అన్నాడు. "నా చేతికి ఊపిరి తగులుతోంది. ఏమని కొట్టేయను?"

"లేదనండి బాబాయ్. ఆ రోజు నేను అబద్ధమాడాను, మీరు నమ్మారు. ఇవాళ మీరాడండి."

ఆయన ఆ తల మీంచి చెయ్యి తీశాడు. తర్వాత, "లేదు," అన్నాడు. కర్ర ఒక్కసారిగా కిందికి వాలిపోయింది. నేను చూస్తుండగానే గడప ఆరిపోయింది.

అమ్మయ్య అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ అనుకున్నాను. రూనిల్ద మంచం మీది నుంచి లేవబోయి కింద పడింది. పాకుతూ వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంది.

"ఇంకోసారి లెక్కపెట్టండి బాబాయ్. ఒక్కసారి."

ఆయన ఏడుస్తూనే మళ్లీ మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. గుమ్మంలో కర్రను అటూ ఇటూ ఊపాడు. దేనికీ తగల్లేదు.

ఆ తర్వాత మూడు రోజులు బతికింది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. చూడవచ్చిన ప్రతివాళ్లనీ, ఇంట్లో ఎంతమందిమి ఉన్నామని అడిగింది. చివరి రోజు నన్నే అడిగింది.

"ముగ్గురం అక్కా," అన్నాను, పొడిగా ఉన్న గడప వైపు చూడకుండా.

నా మొహంలోకి కాసేపు చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.