రెండో భాగం రాని వీడియో

నిన్న మధ్యాహ్నం ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నాచారం వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. పక్క సీట్లో ఒక తల్లి, ఆమె ఒళ్లో ఐదారేళ్ల పాప, పాప చేతిలో ఫోను. బస్సుల హారన్లు, ఆటోవాళ్ల కేకలు, ఇంత రొదలోనూ ఆ ఫోన్‌లోంచి ఒక మగగొంతు గుసగుసగా వినిపించింది. ఎవరో ఏదో ఆట ఆడుతూ మాట్లాడుతున్నాడు. మాటలు తెలియలేదు గానీ ఊపిరి తెలిసింది. అంత ఎండలో నాకు ఒళ్లు జలదరించింది. ఏం చేస్తున్నానో చూసుకునేలోపే చెయ్యి చాచి ఆ ఫోన్‌ను పాప ఒళ్లో బోర్లా పెట్టేశాను. తల్లి నన్ను దొంగను చూసినట్టు చూసింది. "రెండు నిమిషాలు చూడకుండా విందామమ్మా" అన్నాను. ఆమె పాపను తీసుకొని ముందే దిగిపోయింది. ఆమె తప్పేం లేదు, నేనైనా దిగిపోయేదాన్నే. ఫోన్‌ను బోర్లా పెట్టే ఈ అలవాటు నాకు రాజమల్లు సార్ నుంచి వచ్చింది.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. నాచారం కార్ఖానాల వెనక గల్లీలో, మోటార్లకు వైండింగ్ చేసే షాపు మీద రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. ఆఫీసు అంటే ఆయన, నేను, నీళ్లు కారే ఒక కూలరు. పిల్లలు చూసే గేమింగ్ వీడియోల లింకులు తల్లిదండ్రులు మాకు పంపేవారు. గేమింగ్ వీడియో అంటే పిల్లలు ఆడే ఆట కాదు. ఎవరో పెద్దవాళ్లు ఆట ఆడుతూ, మాట్లాడుతూ తీసిన వీడియో. దాన్ని మేం మొదటి నుంచి చివరి దాకా చూసి, అందులో ఏముందో, ఏ వయసు పిల్లలకు చూపించవచ్చో ఐదారు వాక్యాల్లో రాసి పంపాలి. వినడానికి హాయిగా ఉంది కదా. నేనూ అలాగే అనుకొని చేరాను. మూడో రోజుకే తలనొప్పి మాత్ర వేసుకున్నాను.

రాజమల్లు సార్ జనగామ పక్క నుంచి చిన్నప్పుడే పనికోసం వచ్చారు. ఉప్పల్‌లో ఒక కేబుల్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశారు. లోకల్ చానల్‌లో సినిమా వేసేముందు ఆ క్యాసెట్టును ఎవరో ఒకరు పూర్తిగా చూడాలి కదా, ఆ ఎవరో ఒకరు ఆయనే. అన్నేళ్ల చూపులో ఆయనకొక పద్ధతి ఏర్పడింది. మొదట ఫోన్‌ను బల్లమీద బోర్లా పెట్టి, కళ్లు మూసుకొని వీడియో అంతా వినేవారు. రెండోసారి చప్పుడు పూర్తిగా తీసేసి చూసేవారు. మూడోసారి కింద చాపమీద మోకాళ్లు ముడుచుకొని కూర్చొని, ఫోన్‌ను ముఖానికి జానెడు దూరంలో పెట్టుకొని చూసేవారు. పిల్లలు అలాగే చూస్తారు కాబట్టి. అరవై దాటిన మనిషి అలా ముడుచుకొని కూర్చుంటే నాకు నవ్వొచ్చేది, నవ్వేదాన్ని కూడా.

ఆయన రాసే నోట్‌లో మంచిది, చెడ్డది అనే మాటలు ఉండేవి కావు. ఒకసారి తుపాకుల ఆట వీడియో ఒకటి వచ్చింది. నేను వెంటనే వద్దని రాశాను. ఆయన అది కొట్టేసి, పదేళ్లు దాటినవాళ్లు పెద్దలు పక్కనుండగా చూడవచ్చని, ఆడేవాడు ఓడిన ప్రతిసారీ నవ్వి మళ్లీ మొదలుపెడుతున్నాడని రాశారు. అదే వారం పొలం, ఆవులు, పువ్వులతో ముచ్చటగా ఉన్న ఒక వీడియోను ఏ వయసుకూ వద్దన్నారు. అందులో ఆడేవాడు దూడను బావిలోకి తోసి, అది అరుస్తుంటే పడీపడీ నవ్వుతున్నాడు. "రక్తం కనవడ్తె అందరికీ తెలుస్తది బిడ్డా. మనం సూడాల్సింది వాడు దేనికి నవ్వుతుండు అనేది" అన్నారు. ఆ మాట ఇప్పుడు నేను కొత్తగా చేరేవాళ్లకు మొదటి రోజే చెబుతాను. అప్పుడు మాత్రం, ఈయనకు చాదస్తం ముదిరింది అనుకున్నాను.

నా తప్పు ఆ చాదస్తం మీది విసుగులోంచే పుట్టింది. ఒక శనివారం సార్ సెలవు. లింకులు గుట్టలా పడి ఉన్నాయి. నేను వాటిని రెట్టింపు వేగంలో పెట్టి చూశాను. మాటలు లేనిచోట వీడియో తనంతట తాను ముందుకు దూకే సదుపాయం కూడా ఫోన్‌లో ఉంది, దాన్నీ నొక్కాను. ఈ పనిలో ఉన్నవాళ్లు పైవాళ్లు చూడనప్పుడు చేసే దొంగపని అది. రామంతాపూర్ నుంచి ఒక తల్లి పంపిన వీడియో వచ్చింది. రంగురంగుల దిమ్మలతో కట్టిన పసుపు ఇల్లు, అందులో గదులు చూపిస్తూ తిరిగే ఒక గొంతు. రెట్టింపు వేగంలో ఆ గొంతు కీచుగా, నవ్వొచ్చేలా ఉంది. ఆరేళ్లు దాటిన పిల్లలు చూడవచ్చని రాసి పంపేశాను. నేనే ఒప్పుకున్న వీడియో కదా అని ఆదివారం మా అమ్మాయి అక్షితకు కూడా పెట్టిచ్చాను. దానికి అప్పుడు ఏడేళ్లు.

ఆ వారం నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. సోమవారం సాయంత్రం నాలుగింటికి వంటింట్లోంచి దాన్ని పిలిచాను. పలకలేదు. గదిలోకి వెళ్తే బీరువా పక్కన గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. చేతులు పక్కలకు అంటుకొని ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. భుజం పట్టుకొని ఇటు తిప్పాను. నన్ను చూడలేదు, మెల్లగా మళ్లీ గోడవైపు తిరిగింది. కిటికీలోంచి ఎండ పడుతోంది, పక్కింటి టీవీలో ఏదో పాట వస్తోంది, నా బిడ్డ మాత్రం ఆ ఇంట్లో లేనట్టుంది. కాసేపటికి తనే వచ్చి, ఏమీ జరగనట్టు బిస్కెట్లు అడిగింది. ఏంటే అది అంటే ఏం లేదంది. మంగళవారం, బుధవారం అదే సమయానికి అదే గోడ. గడియారం చూడటం ఆ ఏడే బడిలో నేర్పారు, మూడున్నర నుంచే దాన్ని చూస్తూ ఉండేది. పిల్లల డాక్టరు ఫోన్ ఇవ్వకండి అన్నాడు. ఫోన్ తీసి దాచాను. ఏమీ మారలేదు, అక్షిత చూసినది ఇప్పుడు ఫోన్‌లో లేదు, దాని లోపల ఉంది. గురువారం అలా నిలబడే గౌను తడుపుకుంది. కాళ్లవెంట కారుతున్నా కదల్లేదు. నేను దాని కాళ్లు పట్టుకొని ఏడ్చాను, అయినా కదల్లేదు.

శుక్రవారం పొద్దున ఆఫీసుకు వెళ్లి సార్‌కు చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు. "ఏ స్పీడుల సూసినవ్?"

తల దించుకున్నాను. ఆయన తిట్టలేదు, తిడితే బాగుండేదనిపించింది. నా ఫోన్ తీసుకొని, ఆ వీడియోను మామూలు వేగంలో పెట్టి, బోర్లా తిప్పి బల్లమీద ఉంచారు. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. మామూలు వేగంలో ఆ గొంతు నవ్వొచ్చేలా లేదు. గదుల పేర్లు చెబుతూ చెబుతూ తగ్గిపోయింది, తగ్గి ఊపిరంత అయింది. ఎంత సన్నగా అంటే, నా ఫోన్ దాన్ని నిశ్శబ్దం అనుకొని దాటేసింది. నేను వినని ఆ మాటలు ఇవి. "ఇక్కడ తిరిగేది ఇప్పుడు మీ ఇంట్లోకి వచ్చింది. రోజూ నాలుగింటికి ఎవరో ఒకరు గోడవైపు తిరిగి నిలబడాలి. మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు. ఎవ్వరూ నిలబడకపోతే అది అమ్మ దగ్గరికి వెళ్తుంది. రెండో భాగంలో నేనొచ్చి దాన్ని పంపించేస్తా. అప్పటిదాకా అమ్మకు చెప్పకండి."

ఆ తర్వాత తొమ్మిది నిమిషాలు ఏమీ లేదు. మాట లేదు, పాట లేదు. కింద షాపులో మోటారు తిప్పి చూస్తున్న చప్పుడు ఆగినప్పుడు మాత్రం ఆ ఫోన్‌లోంచి ఎవరో ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది. నాకేనేమో అనుకొని కళ్లు తెరిచాను. సార్ చేతి మీద రోమాలు నిక్కబొడుచుకొని ఉన్నాయి. నేను డబుల్ స్పీడులో ఎగరగొట్టిన ఆ తొమ్మిది నిమిషాలను నా కూతురు ఒక్కతే విన్నదని, నాలుగు రోజులుగా నన్ను కాపాడుతూ నిలబడిందని అప్పుడు తెలిసింది.

రామంతాపూర్ తల్లికి నేనే ఫోన్ చేయాలన్నారు సార్. చేశాను. "మీరు సరేనన్నరనే పెట్టిన మేడం" అందామె. గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆమె కొడుకు సగంలోనే విసుగొచ్చి ఆడుకోవడానికి పోయాడట. ఆ వీడియో వేసినవాడికి మేం ఎన్నిసార్లు రాసినా జవాబు రాలేదు. అతని పేజీలో మరో వీడియో లేదు.

ఆ రోజు నాలుగింటికి ముందే సార్ మా ఇంటికి వచ్చారు. చెప్పులు బయట విడిచి, నన్ను వంటింట్లో ఉండమని, గదిలోకి వెళ్లి అక్షిత పక్కన కూర్చున్నారు. ఇద్దరూ చాలాసేపు చిన్నగా మాట్లాడుకున్నారు. నాలుగు కొట్టాక తలుపు సందులోంచి చూశాను. గోడ ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు, తెల్లచొక్కా ముసలాయన, ఆయన నడుం దాకా వచ్చే నా కూతురు. ఎవరూ కదలడం లేదు. కాసేపటికి అక్షిత మాత్రం వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గోడను వదిలి వచ్చి, పరుగున నా నడుం చుట్టేసుకుంది. సార్ అక్కడే నిలబడ్డారు, తొమ్మిది నిమిషాలూ అయ్యేదాకా. ఏం చెప్పారని అడిగితే, అది మా ఇద్దరి ముచ్చట అన్నారు. అక్షిత మళ్లీ ఎప్పుడూ ఆ గోడ దగ్గరికి పోలేదు.

ఏదో కథ చెప్పి మాయ చేశారనుకున్నాను. పెద్దవాళ్లం చేసేది అదే కదా. నెల తర్వాత ఒకరోజు అక్షిత నా ఫోన్ తీసుకొని మేడమీద మాట్లాడుతుంటే విన్నాను. "తాతా, ఇయ్యాల నిలవడ్డవా?" అని అడుగుతోంది. అప్పుడు వెలిగింది నాకు. ఆఫీసులో రోజూ నాలుగింటికి ఆయన వెనక గదిలోకి వెళ్తుంటే టీ తాగడానికేమో అనుకునేదాన్ని. మర్నాడు వెనకే వెళ్లి చూశాను. పాత కార్టన్ల మధ్య, సున్నం రాలిన గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్నారు. నేను పిలిచినా తిరగలేదు. తొమ్మిది నిమిషాలయ్యాక తిరిగి, ఏం బిడ్డా అన్నారు, మామూలుగా.

నాకు కోపమూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. ఇదంతా నమ్ముతున్నారా సార్ అని అడిగాను. తను నమ్మనన్నారు. మరి నిలబడ్డానని ఒక మాట చెబితే సరిపోదా, ఆ పిల్లకేం తెలుస్తుంది అన్నాను. ఆయన కుర్చీలో కూర్చొని మోకాలు నిమురుకుంటూ చెప్పారు.

"నీ జాగల నేనుంట అని మాటిచ్చిన. అప్పుడే వొదిలింది గోడను. గా వీడియోల వాడు అబద్ధం జెప్పిండు. నేను గూడ అబద్ధం జెప్తె ఇగ ఆ పిల్లకు ఎవరి మాట మిగుల్తది?"

ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఆ మాట తప్పలేదు. ఎక్కడున్నా నాలుగింటికి ఒక గోడ వెతుక్కున్నారు. చివరికి ఉప్పల్‌లో దవాఖానాలో ఉన్నప్పుడు పండ్లు తీసుకొని చూడబోయాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, కష్టపడి పక్కకు ఒత్తిగిలి గోడవైపు తిరిగారు. నర్సు నన్ను బయటికి రమ్మని సైగ చేసింది. మనుషులొస్తే పెద్దాయనకు పడదు, రోజూ ఈ టైముకు ఇట్లనే తిరుగుతడు అంది. నేను గోడ గడియారం చూశాను. చూడాల్సిన పనిలేకపోయినా చూశాను. కారిడార్లో నిలబడి ఏడ్చాను.

మూడో రోజు ఆయన పోయారు. అన్నీ అయ్యేసరికి చీకటి పడింది. ఇంటికొచ్చి స్నానం చేశాక అక్షిత దగ్గర కూర్చున్నాను. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. తలెత్తకుండానే అడిగింది.

"అమ్మా, ఇయ్యాల ఎవరు నిలవడ్డరు?"

అదంతా ఉత్తిదే బిడ్డా అని చెప్పాల్సిన సమయం అదే. ఎందరు తల్లులకో ఏం చెప్పాలో రాసిచ్చేదాన్ని నేను. నోటికి మాత్రం నేనే అని వచ్చింది. అది అబద్ధం. నాలుగింటికి నేను శ్మశానం దగ్గర ఆటోలో ఉన్నాను. అక్షిత నా ముఖంలోకి చూసి, తలూపి, నిద్రపోయింది. మర్నాటి నుంచి ఆ మాటను నిజం చేస్తూ వస్తున్నాను.

అక్షిత ఇప్పుడు ఎనిమిదో తరగతి. అవన్నీ దానికి గుర్తున్నాయో లేదో నేను అడగలేదు. ఇప్పుడు ప్రతి వీడియోనూ మామూలు వేగంలోనే వింటాను, నిశ్శబ్దాలు కూడా. నేను పంపే నోట్ చివర ఒక ప్రశ్న తప్పకుండా రాస్తాను: ఈ వీడియో మీ పిల్లను ఏమైనా చేయమని అడిగిందా, మీకు చెప్పొద్దని అడిగిందా? నాలుగింటికి లేచి గోడవైపు తిరుగుతాను. నేనేమీ నమ్మను. అయితే ఏడో నిమిషం వచ్చేసరికి వెనక ఎవరో వచ్చి ఆగినట్టు, నేను తిరుగుతానేమోనని ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టు ఉంటుంది. చెమటలు పడతాయి. ఇంత మనిషిని, పరుగెత్తాలనిపిస్తుంది. ఈ ఏడో నిమిషాన్ని ఏడేళ్ల పిల్ల నాలుగు రోజులు ఒక్కతే దాటింది, నాకోసం. నేను తిరిగి చూడను.