రక్తం కనిపించకముందే బయల్దేరిన అంబులెన్స్

దెయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ఉదయగిరిలో బడి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఎవరైనా అట్లాంటి కథ చెబితే, ఏం దాస్తున్నారా అని ముందు వాళ్లనే అనుమానిస్తాను.

అది నా రెండో కాన్పు. ఏడో నెల స్కానింగ్‌లో మాయ, అదే ప్లసెంటా, బాగా కిందికి, గర్భసంచి మూతికి అడ్డంగా ఉందని ఆత్మకూరు డాక్టరమ్మ చెప్పింది. "నొప్పి లేకపోయినా సరే, రక్తం కనిపిస్తే వెంటనే బయల్దేరు" అనింది.

మా అత్తకు ఆ మాట నచ్చలేదు. "ఆపరేషన్ చేసేదానికి ఇప్పట్నించే భయపెడతా ఉండాది. నేను నలుగురిని కన్నాను, ఏ స్కానింగు చూసినారు?" అనింది.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం. మా ఆయన ఆటో తీసుకుని వింజమూరు పోయినాడు. ఇంట్లో నేను, అత్త. నిద్రలేచి చూస్తే చీర తడిసిపోయి ఉంది. ఎర్రటి రక్తం. నొప్పి మాత్రం ఏమీ లేదు. అత్తను కేకేసి, ఫోన్ కోసం చెయ్యి చాపేలోపే ఇంటి ముందు అంబులెన్స్ ఆగింది.

నేనింకా ఫోన్ చెయ్యలేదు.

హడావిడిలో స్కానింగ్ కాగితాలు ఇంట్లోనే వదిలేసినాం. బండి కదిలినాక అత్త అడిగింది, "వీళ్లను ఎవరు పిలిచినారు?"

"నువ్వే కదా?"

"నాకు ఫోన్ నొక్కేదే రాదు. నువ్వే ముందుగా చేసి నాటకమాడతా ఉండావు."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. నేనూ ఆమెను అట్లాగే చూసినాను. కానీ నా చెయ్యి మాత్రం ఆమె వదల్లేదు.

ఆత్మకూరు దగ్గరికి వచ్చేసరికి నా బీపీ పడిపోయింది. దారిలో ఏదో నర్సింగ్ హోం కనిపిస్తే ఆపినారు. నర్సు గ్లౌజు తొడుక్కుని లోపల పరీక్ష చేయబోయింది. అంబులెన్స్‌లో వచ్చినతను అడ్డం నిలబడినాడు. "చెయ్యి పెట్టొద్దు మేడం, మాయ కిందికి ఉండాదంట."

ఆమె ఆగింది. సెలైన్ పెట్టి నెల్లూరు పంపినారు.

అక్కడ ఆపరేషన్ చేసి పాపను తీసినారు. నాకు రక్తం ఎక్కించినారు. పాప పన్నెండు రోజులు గాజుపెట్టెలో ఉండింది. ఇద్దరం బతికినాం.

డిశ్చార్జి రోజు అక్కడి డాక్టరు చెప్పినాడు: మాయ అడ్డంగా ఉన్నప్పుడు లోపల చెయ్యి పెట్టి చూస్తే అది చిరిగి, రక్తం ఆపడం చాలా కష్టమంట. ఆ సంగతి నేను వినడం అదే మొదలు.

ఇంటికొచ్చి నా ఫోన్ చూసుకున్నాను. ఆ మధ్యాహ్నం పోయిన కాల్ లేదు, వచ్చిన కాల్ లేదు. అత్తను మళ్లీ అడిగినాను. అల్లా మీద ఒట్టు పెట్టింది. పక్కింటివాళ్లను అనుమానించినాను. మా ఆయన్ను కూడా. ఎటు చూసినా లెక్క కుదరలేదు.

చివరికి నేనూ మా ఆయనా పోయి ఆ అంబులెన్స్ అతన్ని పట్టుకున్నాం. మా కాల్ వచ్చినాక దారి కనుక్కునేదానికి తానే తిరిగి చేసినానని తన ఫోన్‌లో నంబరు చూపించినాడు. నాదే. ఆ కాల్ టైము చూస్తే, నేను నిద్రలేవడానికి దాదాపు నలభై నిమిషాల ముందు.

"లోపల చెయ్యి పెట్టనీయొద్దని మీకెవరు చెప్పినారన్నా?" అని అడిగినాను.

అతను నన్నూ మా ఆయన్నూ మార్చి మార్చి చూసినాడు. పరీక్ష పెడుతున్నామనుకున్నట్టుంది.

"మీరే కదమ్మా. రెండుసార్లు చెప్పినారు. ఇదే గొంతు."

లోపల చెయ్యి పెట్టకూడదని ఆ మధ్యాహ్నానికి నాకు తెలియనే తెలియదు.