అవ్వ గురి

మా అవ్వ మునిలక్ష్మిని మా బ్రూక్‌ఫీల్డ్ పేటలో ఎరగనివాళ్ళు లేరు. చలికాలం వస్తే అపార్టుమెంటు గేటు పక్కన గోనెపట్ట పరిచి పితికిపప్పు అమ్ముతుంది. నానిన అనపగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. అవ్వ గిన్నె వైపు చూడను కూడా చూడదు. నోరు ఊళ్ళో సంగతులన్నీ ఏకరువు పెడుతూనే ఉంటుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు ఆ విద్య కూడా అబ్బలేదు.

"నీకన్నా కాకి నయం," అనేది.

చిన్నప్పుడు ఇంట్లో ఉప్పేసి ఉడికించిన గింజలను నా నోట్లోకీ అక్క నోట్లోకీ సూటిగా కొట్టేది. ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చోవాలి. ఒక్కటీ గురి తప్పేది కాదు.

మొన్న మా అక్క శశికళ కూతురు, ఏడాదిన్నర చైత్రకు పిల్లికూతలు మొదలయ్యాయి. జలుబు మందు వేసినా తగ్గలేదు. ఊపిరికి పక్కలు ఎగరేస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టర్ వరూధిని వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నది.

"రైట్ సైడ్ గాలి సరిగ్గా వెళ్ళట్లేదు. గింజలాంటిదేమైనా నోట్లో పెట్టుకుందా?"

"లేదు మేడం," అంది అక్క.

"నేనే కొట్టినాను," అంది వెనకనుంచి అవ్వ.

అందరం తిరిగి చూశాం.

"అనపగింజమ్మా. మీరెవరూ ఇంట్లో లేరు. నోరు తెరిచింది, నొక్కినాను. అప్పుడే నవ్వింది పాపిష్టిది. దగ్గి దగ్గి నల్లబడిపోయింది. వీపు చరిస్తే దగ్గు నిలిచింది, దిగిపోయిందనుకున్నా. చెప్తే శశి ఇంక బిడ్డను నా చేతికియ్యదని..."



"దగ్గు ఆగితే గింజ పోయినట్టు కాదవ్వా," అంది డాక్టరు. "ఊపిరిగొట్టంలో నాని ఉబ్బుతుంది. ఇప్పుడే తీయాలి."

మత్తిచ్చి, నోటిగుండా గొట్టం దించి, సన్నటి పట్టకారుతో తీస్తారట. చైత్రను లోపలికి తీసుకెళ్ళాక ఆపరేషను గది తలుపు మూసుకుంది. అక్క అవ్వ ముఖం చూడలేదు. అవ్వ రెండు వేళ్ళూ మాత్రం ఉత్త గాలిని నొక్కుతూనే ఉన్నాయి.

చివరికి డాక్టరు నవ్వుతూ వచ్చి చిన్న సీసా చూపించింది. ఉబ్బిన పచ్చటి పప్పు.

"నాదే," అంది అవ్వ. "యాడా చీలనే లేదు."

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. అక్క కళ్ళతోనే కాల్చేసింది.

ఇంటికొచ్చాక ఒకరోజు గిన్నె ముందున్న అవ్వకు ఎదురుగా చైత్ర చతికిలపడి బారెడు నోరు తెరిచింది. అవ్వ వేళ్ళ మధ్య గింజ నలిగి ముద్దయింది.

"మూయమ్మా... నోరు మూయి తల్లీ!"

అక్క గబగబా వచ్చింది. పిల్లను ఎత్తుకుపోతుందనుకున్నాను. ఎత్తి అవ్వ ఒళ్ళో కూర్చోబెట్టింది. గిన్నె మాత్రం తను తీసుకుపోయింది.