నాగమ్మ గొంతు నమ్మని ఆపరేటరు

ఉద్యోగంలో చేరిన వారానికే ఊరంతా నవ్వేలా పరువు పోగొట్టుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే నా దగ్గరకు రండి. పంతొమ్మిది వందల అరవైలలో ధర్మవరం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆ ఘనకార్యం వెలగబెట్టింది నేనే. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో ఫలానా మనిషితోనే మాట్లాడాలని ట్రంకు కాల్ బుక్ చేస్తే, ఆ మనిషి లైన్లోకి వచ్చాకే కలపాలి. వచ్చింది ఆ మనిషేనా అని తేల్చాల్సింది ఆపరేటరు. అంటే, పెనుకొండ నుంచి దిగిన ఈ మహామేధావి. తా వలచింది రంభ అంటారు కదా, తా విన్నది వేదమని దానికి నేనే తోక తగిలించాను.

ఒకరోజు హిందూపురం తపాలా ఆఫీసు నుంచి తిప్పారెడ్డి అనే రైతు, పట్టుచీరలు నేయించే నాగమ్మకు కాల్ పెట్టాడు. ఎత్తినవాళ్ళ గొంతు ఎద్దులబండి తోలే మగమనిషి గొంతులా ఉంది.

"నాగమ్మగారిని పిలవండి. హిందూపురం తిప్పారెడ్డిగారి కాల్."

"నేనేనప్పా నాగమ్మను. కలుపు."

"మీరు కాదు. ఆమెకివ్వండి."

"నేనేనని చెప్తాండా కదా. పుట్టినప్పట్నుంచీ నా గొంతు ఇంతే."

"నాకు చెవులున్నాయండీ."

"ఉంటే వినుకో."

నాకు కోపం నషాళానికంటింది. 'మనిషి లేరు' అని రాసి లైను తీసేశాను.

పది నిమిషాలకు ఎక్స్ఛేంజీ గుమ్మంలో అదే గొంతు. "ఆ చెవులున్నోడు యాడ?"

చూస్తే బక్కపలచని పెద్దామె.

"ఈపొద్దు నేను మాట ఇయ్యకుంటే రెడ్డి హిందూపురంలోనే చీర కొంటాడు. కొంగులో వాళ్ళ పెండ్లికూతురి పేరు నేయించినా. దాన్ని ఇంగెవరు కట్టుకుంటారు, మీ అమ్మనా?"

మా సూపర్‌వైజరు పళ్ళు కొరుకుతూ, "నువ్వే చెప్పవయ్యా ఆయనకు, తప్పెవరిదో" అన్నాడు. మళ్ళీ హిందూపురానికి లైను కలిపాను. అదృష్టం కొద్దీ రెడ్డి ఇంకా ఆ తపాలా ఆఫీసులోనే ఉన్నాడు.

"రెడ్డిగారూ, ధర్మవరం ఆపరేటర్నండీ. పొరపాటు నాదే..."

"నువ్వెవరు తల్లీ? ఆపరేటరప్పకియ్యి."

"నేనేనండీ ఆపరేటర్ని."

"ఇందాక నాగమ్మ లేదంటిరి. ఇప్పుడు ఆడబిడ్డతో మాట్లాడిస్తాండారు. ఆట్లాడతాండారా? ఆడ మగోళ్ళెవరూ లేరామ్మా?"

ఆఫీసంతా పని మానేసి నన్నే చూస్తోంది. గొంతు పెంచి "నేను మగవాణ్ణే" అన్నాను. పెంచేసరికి అది ఇంకా సన్నబడింది.

నాగమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "రెడ్డీ, నాగమ్మను. చీర సిద్ధంగా ఉండాది, బస్సెక్కు. ఇందాక మాట్లాడింది ఆపరేటరే. మగోడే. మీసాలు గూడా ఉండాయి, చూస్తాండా."

ఆ మీసాల మీద ఆరోజే ఒట్టేసుకున్నాను: ఇకమీదట ఎవరు ఏ గొంతుతో ఏ పేరు చెప్పినా, నోరు మూసుకుని కలిపేస్తాను.