రెండు బోల్టుల బీము

శ్రీశైలం అంటే మా ఆఫీసులో ఎవరికీ పడేది కాదు. నాకైతే అసలే పడేది కాదు. పొద్దున్న వస్తే నమస్తే అనడు, టీకి రమ్మంటే రాడు, ఎవరి డ్రాయింగులో తప్పు కనబడ్డా నలుగురి ముందే చెప్పేస్తాడు. నలభై ఆరేళ్ళ మనిషి. పన్నెండేళ్ళు షెడ్లలో ఫిట్టరు పని చేశాడు. ఒకనాడు ఇనుప దూలం జారిపడి కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. ఆ తర్వాత ఎడమచేత్తో మౌసు పట్టి కంప్యూటర్ మీద బీములు గీయడం నేర్చుకున్నాడు. చదివింది పదో తరగతి. ఇంకో చోట కొలువు దొరకడం కష్టమని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఆ నోరు ఆగదు.

పటాన్‌చెరులో మాది ఇనుప షెడ్లు డిజైన్ చేసే చిన్న ఆఫీసు. నా పేరు ప్రేమలత, ఇంజనీరును. ఏ బీము ఎంత బరువు మోస్తుందో సాఫ్ట్‌వేర్‌లో లెక్క చూసేది నేను. బీము ఆగితే పచ్చరంగు, ఆగకపోతే ఎరుపు. నేను పచ్చ చేసినవాటిని తీసుకుని, వర్క్‌షాపులో కోయడానికి వీలుగా బోల్టు రంధ్రాలతో సహా మళ్ళీ మోడల్ చేసేది శ్రీశైలం. అంటే నా కింద పనివాడు. అప్పట్లో అట్లాగే అనుకునేదాన్ని.

జోగిపేట రోడ్డులో కట్టే ఒక గోదాం పని మాకొచ్చింది. లోపల సగం మేర పై అంతస్తు ఉంటుంది. దాని మీద రంగుడబ్బాలు పేరుస్తారు. కింద ఆడవాళ్ళు కూర్చుని డబ్బాలకు లేబుళ్ళు అంటిస్తారు. ఒక మధ్యాహ్నం శ్రీశైలం నా టేబుల్ దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిలబడి మాట్లాడే అలవాటు లేదు ఆ మనిషికి.

"మేడం, గీ పై అంతస్తు బీములకు చివర ఎన్ని బోల్టులు?"

"రెండు. డ్రాయింగు షీటుల ఉంది గద."

"రెండు బోల్టులైతే చివర కదులుతది. మరి నీ లెక్కల గట్టిగ బిగిచ్చినట్టు పెట్టినవేంది?"

నాకు ఒళ్ళు మండింది. సాఫ్ట్‌వేర్‌లో బీము గీయగానే రెండు చివరలూ స్తంభానికి గట్టిగా అతికినట్టే వస్తాయి. చివర వదులుగా ఉంటుందన్న సంగతి మనమే దానికి చెప్పాలి. నేను మర్చిపోయాను. చివరలు బిగిసి ఉంటే బీము నడుము మీద భారం తగ్గుతుంది, సన్న బీము కూడా పాసైపోతుంది. కాలేజీలో చదువుకున్న పాఠమే. పదో తరగతి మనిషితో చెప్పించుకోవాల్సి వచ్చింది.

"నీ పని నువ్వు చూస్కో" అన్నాను.

అతను లేచి వెళ్ళాక చివరలు వదులు చేసి చూశాను. పై అంతస్తు బీములు పద్నాలుగూ ఎర్రబడ్డాయి. ఆ సన్న బీములకు ఇనుము అప్పటికే కొని దించేశారు. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పకుండా మళ్ళీ బిగించేశాను. అన్నీ పచ్చబడ్డాయి.

శ్రీశైలం ఊరుకుంటాడా? ఆ పద్నాలుగూ గీయనని మా ఆఫీసు యజమాని నరసరాజు ముందే చెప్పేశాడు. నరసరాజుది అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం. ముందు బుజ్జగించాడు.

"ఇంజనీరమ్మ లెక్క చూసింది కదయ్యా. నీకెందుకు ఈ తలనొప్పి?"

"మందం ప్లేటు, ఎనిమిది బోల్టులు పెట్టమనుండ్రి, చివర బిగుస్తది, గీస్త. లేకుంటే లావు బీములు తెప్పియ్యుండ్రి. రెండు బోల్టులైతే నాతోని కాదు."

నరసరాజు నా వైపు తిరిగాడు. "ఏమ్మా ప్రేమలతా, నీ లెక్క కరెక్టేనా?"

శ్రీశైలం కూడా నన్నే చూస్తున్నాడు. కాదు అని ఒక్క మాటంటే అయిపోయేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారే, నాకు అప్పుడు ఉలుకు తప్ప ఇంకేమీ లేదు. "కరెక్టే సార్" అన్నాను.

"విన్నావుగా. గియ్యనంటే సోమవారం నుంచి రావద్దు" అన్నాడు నరసరాజు.

"రాను" అని శ్రీశైలం టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు జాలి కలగలేదు. పీడా పోయిందనుకున్నాను. ఆ పద్నాలుగు బీములూ నేనే మోడల్ చేశాను, చివరకు రెండేసి బోల్టులతో.

రెండు నెలల్లో బీములు ఎక్కాయి. డబ్బాలు పేర్చే రోజు నరసరాజు నన్ను కూడా సైటుకు తీసుకెళ్ళాడు. బీములు ఎక్కించిన మేస్త్రీ రహమాన్, పైన కూలీలను వరసగా నిలబెట్టి డబ్బాలు అందించబోతున్నాడు. కింద, సరిగ్గా నడిమి బీము కింద, శ్రీశైలం నిలబడి ఉన్నాడు. ఎవరు కబురు పెట్టారో తెలియదు.

"నువ్వెందుకొచ్చావయ్యా? బయటికి నడు" అన్నాడు నరసరాజు.

"పోత సార్. షెడ్లల్ల ఒక రివాజుంది. మొదటి బరువు ఎక్కేటప్పుడు బీము చేసినోళ్ళు కింద నిలవడాలె. ఇవి నేను చెయ్యలే. మేడం చేసింది. ఆమె జాగల నిలవడ్డ, అంతే." నా వైపు చూశాడు. "రా మేడం. నువ్వు వచ్చి నిలవడు, నేను పోత."

రహమాన్‌కూ ఆ రివాజు తెలుసు. డబ్బా పట్టుకుని నా కోసం ఆగాడు. మధ్యలో పది అడుగుల దూరం. కరెక్టే అన్నదాన్ని పది అడుగులు వెయ్యలేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కాళ్ళు కదలలేదు.

రహమాన్ కాసేపు చూసి, డబ్బా నేల మీద పెట్టాడు. "రుకో" అని పైవాళ్ళకు చెప్పాడు. "అందరు కిందికి దిగుండ్రి." నరసరాజు ఎంత తిట్టినా ఆ రోజు ఒక్క డబ్బా పైకి పోలేదు.

కూలీలెవరూ మళ్ళీ పైకి ఎక్కకపోవడంతో నరసరాజు చివరికి ఒప్పుకున్నాడు. బీములన్నీ దించి, మందం ప్లేట్లు అతికి, ఎనిమిదేసి బోల్టులు బిగించారు. చివరలు బిగిస్తే భారం స్తంభాల మీదికి పోతుంది కాబట్టి, అవి ఆగుతాయో లేదో ఈసారి మూడుసార్లు చూశాను. మార్చిన డ్రాయింగుల మీద కారణం రాయాలి, తప్పు ఎవరిదో రాయాలి.

"నీ పేరు రాస్తావా, వాడి పేరు రాస్తావా? వాడెలాగూ పోయాడు" అన్నాడు నరసరాజు.

మోడలింగ్‌లో పొరపాటు, చేసింది శ్రీశైలం అని టైప్ చేశాను. ఆ కాగితం చూస్తే ఈ చుట్టుపక్కల ఎవరూ అతనికి పని ఇవ్వరని తెలిసే చేశాను.

వారానికి శ్రీశైలం ఫోన్ చేశాడు.

"మేడం, ప్లేట్లు వేసిండ్రా?"

"వేసిండ్రు. ఎనిమిది బోల్టులు."

"అయితే కింద కూసునే ఆడోళ్ళకు పరేషాన్ లేదు" అన్నాడు. "సుల్తాన్‌పూర్ దిక్కు ఒక వర్క్‌షాపుల పని అడిగిన. నా గురించి ఎవలనన్న అడుగుతమన్నరు. నీ నంబరిచ్చిన. నా పని జూసింది నువ్వే గద. జెర మంచిగ చెప్పు."

మరునాడే ఆ వర్క్‌షాపు మేనేజర్ ఫోన్ చేశాడు. గోదాం ప్లేట్లు కోసింది వాళ్ళేనట. డ్రాయింగు ఎదురుగా పెట్టుకునే మాట్లాడుతున్నాడు.

"పొరపాటు శ్రీశైలందే అని రాసి ఉంది మేడం. నిజమేనా?"

"నిజమే" అన్నాను.